బొట్టు కింది అక్షరం

కొత్తగా కేబుల్ పనిలో చేరినవాళ్ళు నన్ను ముందుగా అడిగేది స్తంభం ఎక్కడం గురించే. ఎన్నాళ్ళకి వస్తుంది, జారిపడతామా, కరెంటు కొడుతుందా అని. స్తంభం ఎక్కడం నెల తిరక్కుండా వచ్చేస్తుంది. ఒకరింటికి వెళ్ళి, గుమ్మం బయట చెప్పులు విడిచి, వాళ్ళు ముచ్చటపడి కొనుక్కున్న వస్తువుని మర్యాదగా చూడడం మాత్రం నాకు సర్వీసు చివరికి గానీ రాలేదు. దాని గురించే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

గుడివాడలో టీవీ కేబుల్ లాగడంతో మొదలుపెట్టి, బందరు ఆఫీసులో ఇంటర్నెట్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. కంపెనీ పేరు రాయను. అన్నం పెట్టిన చోటు. దాని తప్పులు చెప్పబోతూ పేరు కూడా ఎత్తడం నాకు బాగుండదు. ప్రమోషన్లు రెండొచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. వాటి సంగతి ఇక్కడితో సరి.

ఖాదర్ గారి దగ్గర నేర్చుకున్నది

బందరులో నా పై టెక్నీషియన్ ఖాదర్ గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నిచ్చెన లేకుండానే సగం పని అయిపోయేది ఆయనకి. కోపం వస్తే తిట్టేవారు కాదు, మన చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ నెమ్మదిగా లాగేసుకునేవారు. అంతకంటే తిట్టడమే నయం అనిపించేది.

హంసలదీవి వెళ్ళే దారిలో ఒకరింట్లో ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉండేది. నేను మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి మోడెం మార్చాను, ఒకసారి ఇంట్లో వైరంతా మార్చాను, మూడోసారి చేసేదేమీ లేక మోడెం ఆపి మళ్ళీ వేసి, "ఇంక పోదండీ" అని ధైర్యంగా చెప్పి వచ్చాను. సాయంత్రానికే పోయింది.

నాలుగోసారి ఖాదర్ గారు నాతో వచ్చారు. ఆయన మోడెం వైపు చూడనే లేదు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ ఇంటావిడని అడిగారు.

"ఎప్పుడెప్పుడు పోతుందమ్మా?"

"గాలి పాలకాయతిప్ప వైపు నుంచి తిరిగినప్పుడల్లా పోతుందండీ" అందావిడ, మీకు ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

ఆయన డాబా ఎక్కి, సముద్రం వైపు మూల వైరుకున్న కనెక్టర్ విప్పి నా అరచేతిలో పెట్టారు. ఉప్పుగాలికి లోపలంతా పచ్చగా చిలుం పట్టిపోయింది. గాలి ఆ వైపు నుంచి లాగినప్పుడల్లా లోపలి తీగ అంటీ అంటనట్టు ఊగుతోంది. పది నిమిషాల పని.

"మూడుసార్లొచ్చావు. ఆవిణ్ణి ఒక్కసారన్నా అడిగావా?" అన్నారు దిగేటప్పుడు. "దీంతో కాపురం చేసేది వాళ్ళయ్యా. మనం చుట్టాల్లా వచ్చి పోతాం."

ఆ మాట నాకు అర్థమైందనే అనుకున్నాను. అర్థం కాలేదని తెలియడానికి ఆయన రిటైరయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఆయన ఇప్పుడు బందరులోనే మనవలతో హాయిగా ఉన్నారు. నాకు పని నేర్పింది ఎవరని అడిగితే ఆయన పేరు తప్ప ఇంకోటి నా నోటికి రాదు.

సొంత మోడెం అంటే మాకెందుకంత మంట

మొదట్లో మోడెం మా కంపెనీయే ఇచ్చేది. ఇచ్చేది అంటే, ఒకరి దగ్గర వెనక్కి తెచ్చిన దాన్ని తుడిచి ఇంకొకరికి పెట్టడం. కొన్ని నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగాయి. అవి వేడెక్కి ఆగిపోతుంటే జనం విసిగిపోయి సొంతంగా కొనుక్కోవడం మొదలుపెట్టారు. కొనుక్కోవచ్చనే మా నిబంధనల్లోనూ ఉంది. కానీ మా మేనేజరు గారికి అది ఇష్టం లేదు.

ఆయనకి ఆయుధంగా ఒక కథ దొరికింది, అది అందించింది నేనే. గుడివాడలో ఫొటో స్టూడియో ఉన్న ఒకాయన కొత్త మోడెం కొని, బంధువులందరికీ చూపించి, నన్ను పిలిచాడు. వెళ్ళి చూస్తే అది టెలిఫోన్ వైరుకి పెట్టే రకం.

"ఇందులో మీ వైరు దూరదేంటండీ?" అన్నాడాయన.

"ఇది ఫోన్ లైనుదండీ. మాది కేబుల్ లైను."

"మోడెం అని ఇంతింత అక్షరాలతో రాసుంది కదండీ దీని మీద! ఇందులో మళ్ళీ కులాలున్నాయా?"

ఆ సాయంత్రం ఆఫీసులో నేనీ కథ నటించి మరీ చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు. మేనేజరు గారు మాత్రం నవ్వుతూనే, "అందుకే బయట కొన్నదైతే ముందు దాన్నే అనుమానించండి. పనిచెయ్యదు, వెనక్కిచ్చెయ్యమనండి" అని తీర్మానం చేశారు. అది బద్ధకపు తీర్మానం. నాకూ నచ్చింది, ఎందుకంటే నా పని సగం తగ్గింది. వెతకడం మానేసి, "సొంతంగా కొన్నారు కదండీ, అదీ తేడా" అంటే సరిపోయేది.

నిజానికి సొంత మోడెం పెట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. కొనేముందు ఆఫీసుకి ఫోన్ చేసి మా లైనుకి సరిపడే మోడళ్ళు ఏవో అడగాలి. వెనక స్క్రూలా తిప్పి బిగించే గుండ్రటి కనెక్టర్, మధ్యలో సన్న తీగ దూరే రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి. లైను నేరుగా మోడెంకి రావాలి. టీవీలకి పంచుకుంటూ పోయి చివరన మిగిలింది మోడెంకి పెడితే అది ఏడుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని కింద స్టిక్కర్ మీదుండే మ్యాక్ నంబరు. పన్నెండు గుర్తులుంటాయి అందులో, కొన్ని అంకెలు, కొన్ని ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. ఆ నంబరు ఆఫీసు కంప్యూటర్లో ఎక్కిస్తేనే మా లైను ఆ మోడెంని లోపలికి రానిస్తుంది. పన్నెండిట్లో ఒక్కటి తప్పినా గుమ్మం దగ్గరే నిలబెట్టేస్తుంది.

ఇదంతా నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. అయినా చల్లపల్లిలో ఏం చేశానో చెబుతాను.

శైలజ కొన్న మోడెం

చల్లపల్లిలో శైలజ అనే అమ్మాయి ఉండేది. భర్త రొయ్యల చెరువుల మీద పని, ఇంటిపట్టున తక్కువ. ఇంట్లో అత్తగారు, అయిదేళ్ళ పాప. పాప పేరు తన్వి. పుట్టుకతోనే వినపడదు. ఆపరేషన్ చేయించి చెవి వెనక మెషీన్ పెట్టించారు. మెషీన్ పెట్టగానే మాటలు వచ్చెయ్యవట. విన్నది ఏ శబ్దమో ఒక్కొక్కటిగా నేర్పాలి. విజయవాడలో ఉన్న ఒక మేడం ప్రతి శనివారం పదకొండు గంటలకి వీడియోలో ఆ పాఠం చెప్పేవారు. ఆవిడ పెదాలు చూస్తూ, గొంతు వింటూ పాప నేర్చుకోవాలి. ఫోన్లో పెడదామంటే వాళ్ళింట్లో సిగ్నల్ మాటలకే తప్ప వీడియోకి చాలదు.

మా పాత మోడెంతో ఆవిడ పెదాలు మాటకోసారి బిగుసుకుపోయేవి. పెదాలు ఆగితే పాఠం ఆగినట్టే. శైలజ మూడుసార్లు కంప్లెయింట్ ఇచ్చింది. నేను ఒక పాతది తీసి ఇంకో పాతది పెట్టి వచ్చాను. చివరికి తనే ఆఫీసుకి ఫోన్ చేసి, మోడళ్ళ పేర్లు కాగితం మీద రాసుకుని, అందులోదే ఒకటి కొనుక్కుంది. ఫొటో స్టూడియో ఆయనలా కాదు, ప్రతీదీ పద్ధతిగా చేసింది.

నేను వెళ్ళేసరికి కొత్త మోడెం బల్ల మీద సిద్ధంగా ఉంది. వాళ్ళ అత్తగారు అప్పటికే దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేశారు. మన ఇళ్ళల్లో కొత్త మిక్సీకైనా, కొత్త బండికైనా పెట్టేదే. అయితే మోడెం పైభాగమంతా గాలి ఆడే కన్నాలే ఉన్నాయని, ఆవిడ తెలివిగా తిరగేసి, నున్నగా ఉన్న చోట పెట్టారు. సరిగ్గా స్టిక్కర్ మీద.

"మోపిదేవి స్వామి కుంకుమ బాబూ" అన్నారావిడ. "పాపకి మాటలొస్తే అక్కడే తులాభారం వేస్తామని మొక్కుకున్నాం."

నంబరులో పదకొండు గుర్తులు బాగానే కనిపిస్తున్నాయి. తొమ్మిదోది బొట్టు కింద ఉంది. తుడిచి చూడాలి. కానీ మొక్కుకుని పెట్టిన బొట్టు, ఆవిడ ఎదురుగా తుడవమనడానికి నాకు నోరు రాలేదు. వెలుతురులోకి తీసికెళ్ళి అటూ ఇటూ వంచి చూశాను. రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి ఉన్నట్టు లీలగా కనిపించింది. ఎనిమిది అనుకున్నాను. ఆఫీసులో కంప్యూటర్ చూసే ఉమకి ఫోన్ చేసి, పన్నెండూ గడగడా చదివేశాను.

మోడెం దీపాలు మూడు వెలిగాయి, నాలుగోది కొట్టుకుంటూనే ఉంది. అరగంట చూశాను. లైను కొలిచాను, బాగానే ఉంది. లైను బాగుంది, నేను బాగున్నాను, ఇంక బాగోలేనిది ఆ అమ్మాయి కొన్నదే అయ్యుండాలి. నా ఆలోచన అంతటితో ఆగిపోయింది.

"ఇది పనిచెయ్యదమ్మా. వెనక్కిచ్చెయ్యండి" అన్నాను.

"కంపెనీ వాళ్ళు చెప్పిన మోడలే తీసుకున్నానండీ బాబాయ్ గారూ."

"చెప్తారమ్మా. బయట కొన్నవి ఇంతే."

పైగా, ఒక కనెక్షన్‌కి ఒకటే మోడెం అనే నిబంధన చూపించి పాతదాన్ని కూడా సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ ఇంట్లో ఇంటర్నెట్ అన్నదే లేకుండా చేసి వచ్చానని నాకు తోచనే లేదు.

ఆ శనివారం పాఠం పోయింది. శైలజ అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే వాళ్ళు దీపాలు ఎలా వెలుగుతున్నాయో అడిగి, వస్తువులో లోపం లేదన్నారు. ఆ మాట నాతో చెబితే, "వాళ్ళ వస్తువు వాళ్ళు బాగోలేదంటారామ్మా" అని నవ్వాను. వస్తానని మాటిచ్చి, అవనిగడ్డలో పెద్ద లైను తెగిందని అటు పోయాను. లైను తెగిన మాట నిజమే. కానీ చల్లపల్లి మీదుగానే వెళ్ళాను, ఆగితే ఆగొచ్చు. ఆగలేదు. రెండో శనివారం కూడా పోయింది.

మర్నాడు ఆ అమ్మాయి చేసిన ఫోన్ నేనింకా మర్చిపోలేదు. గొంతు పెంచలేదు.

"మూడు పాఠాలు వరసగా పోతే ఆ టైము ఇంకో పిల్లకి ఇచ్చేస్తారండీ. అలా చాలామంది లైన్లో ఉన్నారంట. మేడం చేతుల్లో కూడా లేదంట. ఈ శనివారం కూడా పోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు బాబాయ్ గారూ."

మూడో శనివారం

ఆ శనివారం పది గంటలకల్లా వాళ్ళింట్లో ఉన్నాను. పాత మోడెం కూడా తెచ్చాను, ఏదో ఒకటి పెడదామని. అది వాళ్ళింట్లో ముక్కుతూ మూలుగుతూ కూడా నడవలేదు, వేడెక్కి పూర్తిగా ఆగిపోయింది. కొత్తదాని నాలుగో దీపం మళ్ళీ మొదటిరోజులాగే కొట్టుకుంటోంది. వైరు మార్చాను, కనెక్టర్ మార్చాను. పదిన్నర అయింది. చెమటలు పడుతున్నాయి.

తన్వి కుర్చీలో కూర్చుని ఉంది. తలకి నూనె రాసి రెండు జడలు వేశారు, పాఠానికని. ఎదురుగా కంప్యూటర్ ఖాళీ స్క్రీన్ వంక చూస్తోంది. నాకు మొదటిసారి భయం వేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో లైను రాకపోతే కోపం వచ్చింది, విసుగు వచ్చింది. భయం ఎప్పుడూ వేయలేదు.

చేతిలో ఇంకేమీ మిగలక శైలజని అడిగాను.

"నువ్వేమనుకుంటున్నావమ్మా?"

ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది.

"మొదటిరోజు మీరు ఫోన్లో నంబరు చెప్పేటప్పుడు బొట్టు దగ్గర ఎయిట్ అన్నారండీ. అది ఎయిటేనంటారా? బీ అయ్యుండదా?"

మోడెం తిరగేసి మళ్ళీ బొట్టు వంక చూశాను.

"మా పాపతో రోజూ ఇదే గొడవండీ. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా కదుల్తాయి. చూసి పోల్చుకోవడానికి లేదు. అందుకని నాకేది చూసినా ఇది కాక ఇంకోటేమోనని అనుమానం అలవాటైపోయింది."

"మరి ఆ రోజే చెప్పలేదేమ్మా?"

"మీరు ఎన్నో ఏళ్ళ నుంచి చేస్తున్నారు కదండీ. తెలిసే చెప్పుంటారులే అనుకున్నాను."

ఈ వృత్తిలో నాకు తగిలిన దెబ్బల్లో అంత గట్టిది ఇంకోటి లేదు. ఆ అమ్మాయి నన్ను గౌరవించబట్టే పాపకి రెండు పాఠాలు పోయాయి. అయిదు నిమిషాలు కూర్చుని అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేది.

"మోడెం వచ్చిన డబ్బా మీద కూడా ఇదే నంబరు ఉంటుంది. ఉందా?" అన్నాను.

డబ్బా పాత పేపర్లతో పాటు వెళ్ళిపోయిందట. ఇంక మిగిలింది బొట్టు తుడవడమే. శైలజ అత్తగారి వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను. ఆ మాట అనడం మా ఇద్దరి వల్లా కాలేదు.

పెద్దావిడ గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటూనే ఉన్నారు. లోపలికెళ్ళి తడి గుడ్డ తెచ్చారు. మోడెం ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్ల మొహం తుడిచినట్టు మెల్లగా అద్దారు.

"పిల్ల కోసమేగా పెట్టింది. పిల్ల కోసమే తీస్తున్నాను. స్వామికి నేను చెప్పుకుంటాలే. చూడు బాబూ ఏవుందో" అని నా చేతికిచ్చారు.

బీ. ఎడమవైపు నిలువు గీత స్పష్టంగా ఉంది.

ఉమకి ఫోన్ చేశాను. తొందరలో రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.

"తొమ్మిదోది ఎయిట్ కాదమ్మా, బీ."

"డీ నా అండీ?"

"బీ! బీ!"

"ఈ నా?"

"బీ అమ్మా, బందరు! మన బందరు బీ!"

"ఆఁ, బందరు. ఎక్కించాను."

తర్వాత మా ఆఫీసులో అదే అలవాటైంది. ఏ అంటే అవనిగడ్డ, బీ బందరు, సీ చల్లపల్లి, డీ దివిసీమ, ఈ ఏలూరు. ఎఫ్‌కి ఊరు దొరక్క ఫ్యాను అని పెట్టుకున్నాం. నేను రిటైరయ్యేదాకా అలాగే నంబర్లు చదివాం, ఒక్కటీ తప్పు పోలేదు. కొత్తవాళ్ళు మీకిష్టమైన ఊళ్ళు పెట్టుకోండి. కానీ కనపడని అక్షరాన్ని మాత్రం ఊహించకండి, సిగ్గుపడకుండా అడగండి.

మోడెం ఆగి మళ్ళీ లేచింది. మొదటి దీపం, రెండోది, మూడోది. నాలుగోది కొట్టుకుంటోంది. శైలజ పాప భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. పెద్దావిడ పెదాలు కదుల్తున్నాయి. పదకొండుకి ఇంకా అయిదు నిమిషాలుందనగా నాలుగో దీపం కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగింది.

"క్షమించమ్మా" అన్నాను శైలజతో.

"వచ్చింది కదండీ బాబాయ్ గారూ" అంది, కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఎప్పుడూ నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. ఆఫీసులో కంప్లెయింట్ కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇంత గుర్తుండేది కాదేమో. ఆ అమ్మాయికి నేను ఋణపడి ఉన్నాను, ఈ మాట కాగితం మీద పెట్టడానికే ఇంత రాశాను.

నేను సంచీ సర్దుకుని వెళ్ళిపోబోతుంటే స్క్రీన్ మీద మేడం వచ్చారు. బొమ్మ ఎక్కడా ఆగడం లేదు. ఆవిడ పెదాలు కలిపి విడదీయడం గుమ్మం దగ్గరున్న నాక్కూడా కనిపిస్తోంది. నోటి ముందు చెయ్యి పెట్టుకుంటే ప అన్నప్పుడు గాలి తగులుతుందని, గొంతు మీద పెట్టుకుంటే బ అన్నప్పుడు అదురుతుందని నెమ్మదిగా చెప్పారు. తన్వి తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఏదో అంది. నాకు ప లాగే వినిపించింది. మేడం మళ్ళీ చెప్పారు. మళ్ళీ అంది. మూడోసారికి ఆవిడ ముఖం విచ్చుకుంది.

"ఇప్పుడు ఇంకెవరికైనా చూపించు తన్వీ" అన్నారు.

పాప కుర్చీ దిగి అమ్మ దగ్గరికి వెళ్తుందనుకున్నాను. నా దగ్గరికి వచ్చింది. వైరు మురికితో నల్లగా ఉన్న నా చేతిని రెండు చేతులా పట్టుకుని, తన గొంతు మీద పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ ఆ అక్షరం గట్టిగా అంది.

"అదిరిందా అంకుల్? నిజం చెప్పండి, ఊహించకండి" అని అడిగారు మేడం స్క్రీన్‌లోంచి.

చెయ్యి అలాగే ఆనించి ఉంచాను.

"ఇంకోసారి అనమనండి" అన్నాను. పాప ఇంకోసారి అంది.

"అదిరిందమ్మా" అన్నాను. "'బ'యే."